చొక్కా కాళ్ళకి తొడుక్కున్నాడని కాదమ్మా మీ బాధ

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. నాలుగేళ్ళ బాబు, స్నానం అవ్వగానే టవల్ విసిరేసి ఇల్లంతా పరుగు, బట్టలు వేసుకున్నాకే హాల్లోకి రావాలని మీరు రూల్ పెడితే చొక్కా చేతుల్లో కాళ్ళు దూర్చేసి వచ్చి "వేసుకున్నాగా" అంటాడు, మీరు వెంటపడి అరుస్తుంటారు, మీ ఆయనేమో సోఫాలో కూర్చుని నవ్వుతూ వీడియో తీస్తుంటారు. మొన్న మీరొక దెబ్బ వేస్తే "నీకసలు ఓపిక లేదు" అని వాడి ముందే అన్నారు. ఇంతా రాసి చివరికి మీరడిగింది, వీడు మొండివాడైపోతున్నాడా, ఎవరికైనా చూపించాలా అని.

అక్కర్లేదు. చొక్కా ఎక్కడ వేసుకోవాలో బాగా తెలిసినవాడికే అది కాళ్ళకి తొడిగితే నవ్వొస్తుందని తెలుస్తుంది. మీరు చెప్పిన మాటలో సందు ఎక్కడుందో వెతుకుతున్నాడు, ఈ వయసు పిల్లలు చేసే పనే అది.

బాబు గురించి మీరు నాలుగు లైన్లు రాశారు, మిగతాదంతా ఆయన నవ్వు గురించే, గమనించారో లేదో. పరిగెడుతూ పరిగెడుతూ తల తిప్పి నాన్న ఫోన్ వైపు చూస్తాడని కూడా మీరే రాశారు. అదీ సంగతి. అమ్మ అరుపు, నాన్న నవ్వు, రెండూ ఒకేసారి దొరికే ఆట ఏ పిల్లాడైనా ఎందుకు మానేస్తాడు చెప్పండి.

కొట్టడం తప్పు, అది మీకు గట్టిగానే చెప్తున్నా. కానీ ఆ మాట ఆయన చెప్పాల్సింది బాబు నిద్రపోయాక, మీ ఇద్దరి మధ్య. బిడ్డ ముందు తల్లిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు, ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. మీరు కూడా పాత లెక్కలన్నీ తవ్వకుండా ఆ ఒక్క మాట ఎంత గుచ్చుకుందో ఆయనకి చెప్పండి. ఆ వీడియోలు చుట్టాల గ్రూపుల్లో పెడుతున్నారన్నారు కదా, వెంటనే తీయించేయండి, బట్టల్లేని పిల్లాడి వీడియో ఒకసారి పక్కవాళ్ళ ఫోన్లోకి వెళ్తే ఇక మన చేతిలో ఉండదు.

రేపట్నుంచి బాబుని రెడీ చేసే పని రెండు వారాలు పూర్తిగా ఆయనదే. ముందురోజు రాత్రే రెండు జతలు చూపించి ఒకటి వాడినే ఎంచుకోమనండి, ఎలాస్టిక్ ప్యాంటైతే వాడే లాక్కుంటాడు, చిన్న గుండీలు మాత్రం ఈ వయసులో చాలామందికి ఇంకా కష్టమే, అక్కడ చెయ్యి వేయాలి. సెలవు రోజు తీరిగ్గా ఉన్నప్పుడు వాడు మళ్ళీ చొక్కా కాళ్ళకి తొడుక్కొస్తే మీరూ నవ్వండమ్మా, ఇన్నాళ్ళూ ఆ నవ్వంతా ఒక్కరికే పోయింది.

మొదటిరోజు లేటవుతుంది, చొక్కా తిరగేసి ఉంటుంది, గుండీలు ఒకటి పైకి ఒకటి కిందకి పెట్టి ఉంటాయి. అలాగే పంపించండి, మీరెళ్ళి సరిచేయకండి.