జర్మన్ ఇంట్లోనే నేర్చుకోవాలంటే ఏ పుస్తకాలు కొనాలి?

నర్సింగ్ పూర్తిచేసి ఖమ్మంలో ఉంటున్నారని, దగ్గరలో జర్మన్ తరగతులు లేవు కాబట్టి మొదటి స్థాయి అయిన ఏ1 వరకైనా ఇంట్లోనే చదువుకోవాలనుకుంటున్నారని రాశారు. ఇంగ్లీషులో వివరించే పుస్తకం మంచిదా, పూర్తిగా జర్మన్‌లోనే ఉండే పుస్తకం మంచిదా అని అడిగారు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, మొదట ఒంటరిగా, తరువాత కొంతకాలం సాయంత్రపు తరగతుల్లో చదివి మూడో స్థాయి అయిన బీ1 పరీక్ష రాశాను. నా జవాబు ముందే చెబుతాను. పూర్తిగా జర్మన్‌లో ఉన్న పాఠ్యపుస్తకం ఒకటి, దానికి జతగా వచ్చే అభ్యాస పుస్తకం, జవాబులతో కూడిన వ్యాకరణ పుస్తకం ఒకటి, ఈ మూడే కొనండి. ఆ మూడింటినీ చివరి పేజీ దాకా చేయండి.

నేను కొన్న మొదటి పుస్తకం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట ఊడిపోయింది. మొదటి మూడు పాఠాల్లో ఎవరో పెన్సిల్‌తో జవాబులు నింపారు, నాలుగో పాఠం నుంచి అన్నీ ఖాళీలే. చౌకగా వచ్చిందన్న సంతోషంతో నాలుగు నెలలు శ్రద్ధగా చదివాను. ఆ తరువాత తరగతిలో చేరి మొదటి వ్యాసం రాసి ఇస్తే, 'అని' అనే అర్థంలో వాడే 'డస్' అనే మాట చుట్టూ ప్రతిచోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇచ్చారు. నేను దానిని గ్రీకు బీటాలా కనిపించే 'ఎస్సెట్' అక్షరంతో రాశాను, ఎందుకంటే నా పుస్తకంలో అలాగే ఉంది. 1998 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన అక్షర సంస్కరణ ప్రకారం హ్రస్వాచ్చు తరువాత ఆ అక్షరం బదులు రెండు ఎస్‌లు రాయాలి. వీధి అని అర్థమిచ్చే 'ష్ట్రాసె'లో ఉన్నట్టు దీర్ఘాచ్చు తరువాత మాత్రం ఎస్సెట్ అలాగే నిలిచింది. చేతికి అలవాటైన తప్పును మాన్పించడానికి, కొత్తగా నేర్చుకోవడానికి పట్టినంత కాలమే పట్టింది. అందుకే పాత పుస్తకం దొరికితే ముందు దుకాణంలో బేరమాడే పాఠం తెరిచి చూడండి. ధరలు మార్కుల్లో ఉంటే ఆ పుస్తకం యూరో నోట్లు వచ్చిన 2002కు ముందుది, దానిని అక్కడే పెట్టేయండి.

పాఠ్యపుస్తకాల విషయంలో నా మొదటి ఎంపిక క్లెట్ సంస్థ ప్రచురించే 'నెట్జ్‌వెర్క్ నోయ్'. హూబర్ వారి 'మెన్షెన్' కూడా దానికి దీటైనదే. గోయల్ పబ్లిషర్స్ ఇలాంటి జర్మన్ పాఠ్యపుస్తకాలను మన దేశంలోనే అచ్చువేస్తున్నందువల్ల విదేశీ ప్రతి తెప్పించుకునే ఖర్చు తప్పుతుంది. ఈ రెండింటిలో ఏది తీసుకున్నా ఫరవాలేదు, కానీ ఒకదాన్ని సగంలో ఆపి రెండోదానికి మారవద్దు. ఒక్కో పాఠ్యపుస్తకాల వరుసలో మాటలు వచ్చే క్రమం వేరు, కాబట్టి మారిన ప్రతిసారీ కొన్ని మాటలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలే రావు. ఒంటరిగా చదివేవారికి జవాబుల పట్టిక ప్రాణం వంటిది. కొన్ని వరుసల్లో అది పుస్తకంలో ఉండదు, విడిగానో ప్రచురణకర్తల సైట్‌లోనో ఉంటుంది. దాని సంగతి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. వ్యాకరణానికి కార్నెల్సెన్ వారి 'గ్రామాటిక్ ఆక్టివ్' నాకు బాగా పనికివచ్చింది. ఒక పేజీలో నియమం, ఎదుటి పేజీలో అభ్యాసాలు ఉండటం వల్ల రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చినవారు కూడా రోజుకు ఒక నియమం పూర్తిచేయగలరు.

ఇక ఇంగ్లీషు వివరణ సంగతి. దీని గురించి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఇంగ్లీషు మీదుగా జర్మన్‌కు వెళ్లడం తెలుగువారికి చాలాచోట్ల చుట్టుదారి. చలి వేస్తే జర్మన్‌లో 'మీర్ ఇస్ట్ కాల్ట్' అంటారు. అది మాటకు మాట మన 'నాకు చలిగా ఉంది'. 'డస్ బూఖ్ గెఫెల్ట్ మీర్' అంటే 'ఈ పుస్తకం నాకు నచ్చింది'. 'ఇష్ హెల్ఫె డీర్' అంటే 'నీకు సహాయం చేస్తాను'. ఈ 'నాకు', 'నీకు' ఇంగ్లీషువారికి కొత్త కాబట్టి వారికోసం రాసిన పుస్తకాలు వీటిని మినహాయింపులుగా పట్టికలు కట్టి బట్టీ పట్టిస్తాయి, మనకు మాత్రం అవి చిన్నప్పటి నుంచి నాలుక మీద ఉన్న 'కు' విభక్తే. అన్నిచోట్లా ఈ పోలిక కుదరదన్నదీ నిజమే. మనం 'నీకు ఫోన్ చేస్తాను' అంటాం, జర్మన్లు ఆ క్రియకు 'నిన్ను' అనే రూపం వాడతారు. అలాంటివి ఎదురైనప్పుడు పుస్తకం అంచున తెలుగులో రాసుకుంటూ పోయాను. ఆ అంచుల్లోని రాతలే నాకు అన్నిటికన్నా మంచి వ్యాకరణమయ్యాయి.

వాక్యక్రమంలోనూ ఇదే జరుగుతుంది. 'వైల్ ఇష్ కైనె త్సైట్ హాబె', అంటే 'నాకు తీరిక లేదు కాబట్టి' అనే ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్తుంది. మనకు అది సహజమే. మనం తడబడేది ప్రధాన వాక్యంలో, అక్కడ క్రియ మామూలుగా రెండో స్థానంలోనే ఉండాలి. 'హొయ్‌టె గేహె ఇష్ నాఖ్ హౌసె' అంటే వరుసగా 'ఈరోజు వెళ్తాను నేను ఇంటికి' అన్నమాట. కాబట్టి వ్యాకరణ పుస్తకం ఎంచుకునేటప్పుడు ఈ రెండో స్థానం మీద ఎన్ని అభ్యాసాలు ఉన్నాయో చూడండి.

జర్మన్ మాటల ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చే '30 రోజుల్లో' తరహా పుస్తకాలు కొనవద్దు. 'ఒఫెన్' అంటే తెరిచి ఉన్నది, 'ఓఫెన్' అంటే పొయ్యి. ఈ తేడా ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించదు, మన ఒ-ఓలు తెలిసిన చెవికి ఒక్కసారి వింటే చాలు. అందుకే ఆడియో లేని పుస్తకం ఎంత బాగున్నా ఏ1కు పనికిరాదు. పదాల పట్టికలో ప్రతి నామవాచకం పక్కన లింగాన్ని తెలిపే 'డేర్, డీ, డస్'లలో ఏది వస్తుందో, బహువచనం ఏమిటో ఉండాలి. బల్లకు 'డేర్ టిష్', కిటికీకి 'డస్ ఫెన్‌స్టర్' అని లింగంతో కలిపి నేర్చుకోకపోతే తరువాత ఏ విభక్తీ సరిగా రాయలేం. అమ్మాయి అనే మాట జర్మన్‌లో నపుంసకలింగం. 'అమ్మాయి వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఒకే క్రియతో చెప్పే మనకు అది వింతగా తోచనక్కరలేదు.

ఏ1 అయిపోగానే కథల పుస్తకం కొనాలన్న ఆశ అందరికీ పుడుతుంది. నాకూ పుట్టింది. గ్రిమ్ సోదరుల కథలు కొన్నాను. 'ఎస్ వార్ ఐన్‌మాల్', అంటే 'అనగనగా' అన్న మొదటి మాటలు చదివి మురిసిపోయాను కానీ, తరువాతి వాక్యం నుంచే అడుగు ముందుకు పడలేదు. కథలు రాసే భూతకాల రూపం వేరు, పాఠ్యపుస్తకంలో మొదట నేర్పే, మాట్లాడుకునే భూతకాల రూపం వేరు. పిల్లల కథలే కదా అనుకోవద్దు, అందులోనూ అదే చిక్కు. స్థాయి అట్ట మీద అచ్చయిన చిన్న పఠన పుస్తకాలు దొరుకుతాయి, ముందు అవి చదవండి. బీ1 చేరుకున్నాక జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె నెమ్మదిగా చదివి వినిపించే వార్తలను పాఠం ఎదురుగా పెట్టుకుని వినవచ్చు.

పరీక్షకు విడిగా పుస్తకం కొనే ముందు, జర్మన్ పరీక్షలు నిర్వహించే గోథె ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో ఉచితంగా దొరికే నమూనా ప్రశ్నపత్రం, పదాల జాబితా దించుకోండి. ఏ1 జాబితాలో దాదాపు 650 మాటలు, బీ1 జాబితాలో దాదాపు 2400 మాటలు ఉంటాయి. నర్సుగా గుర్తింపు పొందడానికి జర్మనీలో సాధారణంగా నాలుగో స్థాయి అయిన బీ2 అడుగుతారు కాబట్టి మీ ముందున్న దారి పొడవైనదే. అయినా బీ1, బీ2 పుస్తకాలు ఇప్పుడే కొని దాచుకోవద్దు. ఏ1 జాబితా మీద వేలు పెట్టి ఏ మాట తగిలినా దాని లింగంతో సహా ఒక వాక్యం చెప్పగలిగిన రోజున ఏ2 పుస్తకం తెప్పించుకోండి.