తోలు అడుగున దారం గుత్తులు: ముందుగా చూడవలసింది పై టెన్షన్ బిళ్లలు

కుట్టు యంత్రం మీద రెండు పొరల బెల్టు తోలును 138 నంబరు లావు నైలాన్ దారంతో, 18 నంబరు సూదితో కుడుతుంటే అడుగున దారం గుత్తులు కడుతోందనీ, పై టెన్షన్ ఎంత బిగించినా మార్పు లేదనీ రాశారు. అలాంటప్పుడు పై దారం టెన్షన్ బిళ్లల (దారాన్ని నొక్కి బిగువుగా ఉంచే గుండ్రని రేకుల) మధ్యకు దిగకపోవడమే చాలావరకు కారణం, బాబిన్ (అడుగు దారం చుట్టిన చిన్న కండె) కాదు.

1. ప్రెషర్ ఫుట్‌ను (తోలును నొక్కిపట్టే పాదాన్ని) పైకెత్తి దారాన్ని మొదటి నుంచి మళ్లీ ఎక్కించండి. ఫుట్ ఎత్తినప్పుడే బిళ్లలు విడివడతాయి. దించి ఎక్కిస్తే దారం వాటి అంచు మీదే నిలిచిపోవచ్చు.

2. ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇది: మీరు కుట్టే మందం గల తోలునే ఫుట్ కింద ఉంచి, ఫుట్ దించి, సూది దగ్గర దారాన్ని లాగి చూడండి. గట్టిగా రావాలి. తోలు లేనప్పుడు గట్టిగా ఉండి, తోలు పెట్టగానే వదులైతే, ఆ మందానికి ఫుట్ లేచి బిళ్లలను కొద్దిగా తెరుస్తోందని అర్థం. టెన్షన్ విడుదల చేసే పిన్నును మెకానిక్ చేత సరిచేయించండి.

3. మీ 18 నంబరు సూది ఈ దారానికి సన్నం. 135×17 సూదులు వాడే యంత్రమన్నారు కనుక, అదే పొడవుండి తోలు మొన గల 135×16 సూదిని 22 లేదా 23 నంబరులో తీసుకోండి.

4. అడుగు దారం బిగువు మార్చే బాబిన్ కేసు మరను తిప్పి ఉంటే, దాన్ని ఇదంతా అయ్యాకే, తోలు ముక్క మీద చూస్తూ సవరించండి.