టీచర్లు సమ్మె చేసే దేశానికి మా అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్సీ. ఫిజిక్స్, బీఎడ్ చేసింది. మెగా డీఎస్సీలో కొద్ది మార్కుల్లో పోస్టు పోయింది. ప్రస్తుతానికి ఒక ప్రైవేటు పాఠశాలలో చెబుతోంది. కెనడాలో టీచర్లకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) త్వరగా వస్తుందని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. కానీ అక్కడి అల్బర్టా రాష్ట్రంలో టీచర్లు వారాల తరబడి సమ్మె చేశారని, ప్రభుత్వం చట్టం తెచ్చి బలవంతంగా బడికి పంపిందని చదివాను. పాఠాలు మాని రోడ్డెక్కే ఉద్యోగంలో భద్రత ఏముంటుంది? ఇక్కడే మళ్లీ డీఎస్సీ రాయించడమా, అక్కడికి పంపడమా? పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: అయ్యా, మీరు కెనడా గురించి అడిగారు కానీ మీ భయం కెనడాది కాదు. అమ్మాయి ఏదో ఒక ఉద్యోగంలో కుదురుకున్నాక ఎవరో వచ్చి నిబంధనలు మార్చేస్తే ఏమిటన్నది మీ భయం. బ్యాంకు పరీక్షలు రాసే పిల్లల తల్లిదండ్రులూ, గ్రూప్స్‌కు చదివే పిల్లల తల్లిదండ్రులూ నన్ను అడిగేది ఇదే. అందుకని ముందు దీని సంగతి చూద్దాం.

మీరు చదివిన వార్త నిజమే. 2025 అక్టోబరు 6న అల్బర్టాలో సుమారు 51 వేల మంది టీచర్లు సమ్మెకు దిగారు. నాలుగేళ్లలో 12 శాతం పెంపు, 3 వేల కొత్త నియామకాలు అన్న ప్రతిపాదనను అంతకు ముందే దాదాపు 90 శాతం మంది ఓటు వేసి తిరస్కరించారు. జీతం ఒక్కటే వాళ్ల గొడవ కాదు. తరగతులు కిక్కిరిసిపోతున్నాయని, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను చూసుకోవడానికి మనుషులు చాలడం లేదని వాళ్ల బాధ. అక్టోబరు 28 తెల్లవారుజామున ప్రభుత్వం చట్టం చేసింది. కెనడా రాజ్యాంగంలోని హక్కుల చార్టర్‌ను పక్కన పెట్టడానికి వీలిచ్చే రాజ్యాంగ నిబంధనను వాడుకుని, టీచర్లు వద్దన్న ఒప్పందాన్నే 2028 ఆగస్టు దాకా వాళ్ల మీద రుద్దింది. మర్నాడు బడులు తెరుచుకున్నాయి. అంతవరకు చదివి మీరు పేపరు మడిచేసినట్టున్నారు. పక్కనే ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో పద్నాలుగేళ్ల పాటు నడిచిన కథ కూడా చదివితే మీ ప్రశ్న ఇలా ఉండేది కాదు.

అక్కడ ఒక్కో తరగతిలో ఎంతమంది పిల్లలుండాలి, వారిలో ప్రత్యేక సాయం కావలసినవారు ఎందరుండవచ్చు అన్నది కూడా ప్రభుత్వంతో ఉపాధ్యాయ సమాఖ్య చేసుకున్న ఒప్పందంలో రాసి ఉండేది. దాని కోసం ఒకప్పుడు జీతం పెంపులో కొంత వదులుకున్నారు కూడా. 2002 జనవరిలో ప్రభుత్వం ఒక చట్టం చేసి ఆ నిబంధనలను కొట్టేసింది, ఇకపై వాటి మీద బేరమాడటమే కుదరదంది. తరగతిలో పిల్లలు పెరిగితే టీచర్లు తక్కువ చాలు, బడ్జెట్టు మిగులుతుంది. లెక్క అంతే. అప్పటి విద్యామంత్రి క్రిస్టీ క్లార్క్ తర్వాత ముఖ్యమంత్రి స్థానానికి చేరారు. 2013లో ఆమె ప్రభుత్వం టీచర్లతో పదేళ్ల ఒప్పందం చేసుకుందామంది. పదేళ్లు సమ్మెలుండవు, తల్లిదండ్రులకు నిశ్చింత అని వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పదేళ్లలో ధరలు పెరిగినా, తరగతులు నిండిపోయినా మళ్లీ నోరు తెరవడానికి ఉండదు.

టీచర్లు ఒప్పుకోలేదు. 2014 జూన్‌లో పూర్తి సమ్మె మొదలై, సెలవులు దాటి సెప్టెంబరు దాకా సాగింది. సమాఖ్య సమ్మె నిధి ఖాళీ అయింది. జీతం లేదు, భృతి లేదు. ప్రభుత్వం మాత్రం పదమూడేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులకు పిల్లకు రోజుకు 40 డాలర్ల చొప్పున ఇస్తానంది. టీచర్లకు ఇవ్వని డబ్బు వీళ్లకు పంచిందని అప్పట్లో చాలామంది ఎత్తిపొడిచారు. చివరికి మధ్యవర్తి కూర్చోబెట్టి ఆరేళ్ల ఒప్పందం కుదిర్చారు, 7.25 శాతం పెంపుతో. 2002 చట్టం మీద టీచర్లు చేస్తున్న కోర్టు పోరాటం మాత్రం ఆగలేదు. 2016 నవంబరు 10న కెనడా సుప్రీంకోర్టు వాదనలు విన్న రోజే, 7–2 తో టీచర్ల వైపు తీర్పు చెప్పింది. పాత నిబంధనలు తిరిగి వచ్చాయి. వాటిని అమలు చేయడానికి మరుసటి ఏడాది ప్రభుత్వం సుమారు 2,600 మంది టీచర్లకు సరిపడా నిధులివ్వాల్సి వచ్చింది.

పద్నాలుగేళ్లు పట్టింది, ఆ మధ్యలో బడికి వెళ్లిన పిల్లల చదువు తిరిగి రాలేదు, నిజమే. అయినా చూడండి: ప్రభుత్వం సంతకం పెట్టి తప్పితే నిలదీయడానికి అక్కడ ఒక కాగితం ఉంది, ఆ కాగితాన్ని పట్టించుకునే కోర్టు ఉంది. కొత్తగా చేరిన టీచరుకు కూడా ఆ ఒప్పందమే వర్తిస్తుంది. అల్బర్టా ప్రభుత్వం రాజ్యాంగ నిబంధనను అడ్డం పెట్టుకున్నదీ కోర్టులు అడ్డు తగులుతాయని తెలిసే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికులు కారని మన సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు కేసులో చెప్పింది. కాబట్టి ఇక్కడ జరిగేది వినతిపత్రాలు, ధర్నాలు, చర్చలు, జీవోలు. 2022 జనవరి పీఆర్‌సీ (వేతన సవరణ) జీవోలు మీకు గుర్తుండే ఉంటాయి. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవారికి 23 శాతం ఫిట్‌మెంట్ (సవరణలో జీతం పెంపు) ఇచ్చారు, ఇంటి అద్దె భత్యం కోశారు. ఐదేళ్లకోసారి జరిగే వేతన సవరణను కేంద్రంలాగా పదేళ్లకోసారి చేస్తామన్నారు. ఇక్కడా పదేళ్లే! ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'కు అన్ని ఆంక్షలను దాటుకుని వేలమంది వచ్చాక, చర్చల్లో ఐదేళ్ల పద్ధతి నిలిచింది. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఆగింది, ఉపాధ్యాయ సంఘాలు ఆ రాజీ మాకొద్దన్నాయి. మరి వాళ్లూ పాఠాలు మాని రోడ్డెక్కిన టీచర్లే కదా? వాళ్లు రోడ్డెక్కబట్టే, డీఎస్సీలో మీ అమ్మాయి గెలిస్తే వచ్చే జీతం ఆ మాత్రంగా ఉంది.

పర్మినెంటు పోస్టును ఎవరూ కదపలేరన్న నమ్మకాన్ని కూడా కొంచెం తగ్గించుకోండి. అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలో టెట్ పాసు కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినవారు మళ్లీ గైడ్లు కొన్నారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. డీఎస్సీ ఉద్యోగం మంచి ఉద్యోగమే, మీ అమ్మాయి రాయాలనుకుంటే తప్పక రాయాలి. నిబంధనలు ఎక్కడైనా మారతాయి. మార్చేటప్పుడు ఉపాధ్యాయుల మాట ఎంత చెల్లుతుందన్నదే తేడా, ఆ ఒక్క విషయంలో బ్రిటిష్ కొలంబియా మనకంటే మెరుగు.

అలాగని కన్సల్టెన్సీ వాళ్ల మాట నమ్మమనడం లేదు. ఈ కెనడా టీచరు పిచ్చి నాకు ఏ మాత్రం నచ్చడం లేదు. 2025 ఫిబ్రవరిలో కెనడా తన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే నైపుణ్యం ఉన్నవారిని పీఆర్‌కు ఎంచుకునే పద్ధతిలో, విద్యారంగాన్ని ఒక ప్రత్యేక విభాగంగా చేర్చిన మాట నిజం. అప్పటి నుంచి నర్సింగు బోర్డు తీసేసి టీచింగు బోర్డు పెట్టిన ఆఫీసులు నాకు తెలుసు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, పీఆర్ ఇచ్చేది కేంద్రం, బడిలో పాఠం చెప్పనిచ్చేది రాష్ట్రం. పీఆర్ చేతిలో ఉన్నంత మాత్రాన తరగతి గదిలోకి రానివ్వరు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే మన డిగ్రీని, బీఎడ్‌ను, బోధన శిక్షణను పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తుంది. అక్కడి విశ్వవిద్యాలయంలో మరికొన్ని కోర్సులు చదివి రమ్మనే అవకాశం ఎక్కువ. ఆ చదువుకు ఫీజు, ఆ నెలల్లో ఇంటి అద్దె. సర్టిఫికెట్ వచ్చాక కూడా చాలామంది మొదట ఆన్‌కాల్ టీచర్లుగానే చేరతారు: ఎవరైనా సెలవు పెడితే పొద్దున్నే ఫోను వస్తుంది, ఆ రోజుకు ఆ బడికి వెళ్లాలి. ఫిజిక్స్ చెప్పగలవారికి, ఫ్రెంచి వచ్చినవారికి, ఉత్తరాన మంచు ఊళ్లకు వెళ్లడానికి సిద్ధపడేవారికి దారి కొంత తొందరగా దొరుకుతుంది. వ్యాంకూవర్ పక్కనే, తెలుగువాళ్ల మధ్యే ఉండాలంటే ఓపిక పట్టాలి. ఈలోగా డే కేర్‌లోనో దుకాణంలోనో పని చేస్తూ, ఇంటికి ఫోను చేసి 'టీచరుగానే చేస్తున్నాను' అని చెప్పే పిల్లలున్నారు. వాళ్లను తప్పుపట్టను. అలా చెప్పక తప్పని పరిస్థితిని మనమే కల్పిస్తున్నాం.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఇంత పొడవు ప్రశ్నలో 'రాయించడం', 'పంపడం' ఉన్నాయి, ఆమె ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. అల్బర్టా సమ్మె గురించి ఆరా తీసిన మీరు, ఆమె ఇప్పుడు పనిచేస్తున్న బడిలో నియామక పత్రం ఇచ్చారా, వేసవి రెండు నెలలకు జీతం ఇస్తున్నారా, ఆమె అసలు సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర పెట్టుకుందా అని ఎప్పుడైనా అడిగారా? అన్నింటికంటే భద్రత లేని ఉద్యోగం ఈ రోజు ఆమె చేస్తున్నదే. దాన్ని 'ప్రస్తుతానికి' అని ఒక్క మాటలో దాటేశారు.

ఆమెకు తరగతి గది ఇష్టమైతే కంగారు పడవలసింది లేదు. ఫిజిక్స్ బాగా చెప్పే టీచరు గుంటూరులోనూ దొరకడం లేదు, కెనడాలోనూ దొరకడం లేదు. ఒక పోస్టు తప్పినంత మాత్రాన ఆమె తక్కువది కాదు. తదుపరి డీఎస్సీకి చదువుకోనివ్వండి. కెనడా మీద మనసుంటే, కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఒక రాష్ట్రాన్ని ఎంచుకుని, ఆ రాష్ట్ర ఉపాధ్యాయ ధ్రువీకరణ విభాగానికి ఆమే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. విశ్వవిద్యాలయం నుంచి మార్కుల పత్రాలు నేరుగా అక్కడికి పంపించడానికే నెలలు పడుతుంది, ఆ పని డీఎస్సీ చదువుకు అడ్డం రాదు. ఇంకా ఏమేం కోర్సులు చదవాలో వాళ్లు రాతపూర్వకంగా చెబుతారు. ఆ జవాబు చేతికొచ్చాక ఖర్చు లెక్క వేసుకోండి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని.