తృతీయ నుంచి ప్రథమకు

సందేహం: అమెరికన్ గాయని జానెట్ జాక్సన్ పాడిన ‘కంట్రోల్’ పాట మీద వ్యాసం రాస్తూ ‘పోరాడి సృజనాత్మక స్వేచ్ఛను గెలుచుకుంది’ అన్నాను. ‘స్వేచ్ఛ కాదు, స్వాతంత్య్రం’ అంటున్నాడు మా మిత్రుడు. ఏది సరి? పాట పేరును ‘అదుపు’ అని తెనిగించవచ్చా?

సమాధానం: ‘అదుపు’ మాత్రం వద్దు. మంటలు అదుపులోకి వస్తాయి, నిందితుణ్ణి పోలీసులు అదుపులోకి తీసుకుంటారు. ఆ శీర్షిక పెడితే అరెస్టు వార్త అనుకుంటారు! ‘నియంత్రణ’ అన్నా హద్దులు పెట్టడమే స్ఫురిస్తుంది. ఈ పాటలోని అమ్మాయి తనకు హద్దులు పెట్టుకోవడం లేదు, పగ్గాలు తన చేతికి తీసుకుంటోంది. ‘పగ్గాలు నా చేతిలో’ అనండి, సరిపోతుంది.

ఇక అసలు సంగతి. స్వేచ్ఛ అంటే స్వ + ఇచ్ఛ, తన ఇష్టం. (చివర ‘చ్చ’ కాదు, ‘చ్ఛ’.) అడ్డు చెప్పేవారు లేకపోతే అది ఉన్నట్టే. పంజరం తలుపు ఎవరో తీసి వదిలిన చిలుకకూ స్వేచ్ఛ ఉంటుంది. స్వాతంత్ర్యం అలా కాదు. ‘స్వతంత్రః కర్తా’ అన్నాడు పాణిని. క్రియ జరగడంలో ఎవరు స్వతంత్రులో వారే కర్త. ఆ వెంటనే వచ్చే సూత్రం, ఆ కర్తను ప్రేరేపించేవారికీ కర్త హోదా ఇస్తుంది. చేయించేవారు ప్రయోజక కర్త, చేసేవారు ప్రయోజ్య కర్త.

తెలుగులో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ‘కూతురు పాడింది’ అంటే కూతురు ప్రథమా విభక్తిలో ఉంది. ‘తండ్రి కూతురి చేత పాడించాడు’ అనగానే ఆమె తృతీయలోకి దిగిపోయింది. గొంతు ఆమెదే, పాటా అదే, వాక్యం మాత్రం ఆయనది.

జానెట్ కథ సరిగ్గా ఇదే. 1982, 1984లలో వచ్చిన తొలి రెండు ఆల్బమ్‌లలో చాలావరకు ఇతరులు రాసిచ్చిన పాటలే పాడింది. వ్యవహారాలన్నీ తండ్రి జోసెఫ్ చూసేవాడు. ఆ తరువాత ఆయనను మేనేజరుగా తప్పించి, మినియాపోలిస్ నగరానికి వెళ్లి సంగీత నిర్మాతలు జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్‌లతో కలిసి మూడో ఆల్బమ్ ‘కంట్రోల్’ చేసింది. 1986లో అది విడుదలయ్యేనాటికి ఆమెకు 19 ఏళ్లు. అదే పేరుతో అందులో ఉన్న ‘కంట్రోల్’ పాట రాసినవారిలో ఆమె పేరూ ఉంది. అంటే, ఒకరి చెప్పుచేతల్లో నుంచి బయటపడడంతో ఆగలేదు, తానే కర్త అయింది. (చెప్పుచేతలకూ కాలిచెప్పులకూ సంబంధం లేదు, చెప్పడం, చేయడం అన్న రెండు పనుల జంట అది.) కాబట్టి ఇక్కడ మీ మిత్రుడి మాటే నెగ్గుతుంది.

అయితే ఆయన వర్ణక్రమం నెగ్గదు. స్వతంత్ర శబ్దం మీద ‘య’ చేరి ఏర్పడిన మాట అది. ర ముందు, య తరువాత పలకాలి: స్వాతంత్ర్యం. ‘స్వాతంత్య్రం’ అని అచ్చులో తరచు కనబడుతుంది గాని, అలా రాస్తే య ముందుకు జరిగి మాట నోరు తిరగదు.

‘గెలుచుకుంది’ని కూడా మార్చండి. గెలుచుకునేది బహుమతి, ఎవరో ఇస్తే వచ్చేది. పోరాడి తెచ్చుకున్నదానికి ‘సాధించుకుంది’ అనాలి.

సృజన సంగతి మీరు అడగలేదు కాని, సంస్కృత వ్యాకరణం ప్రకారం అది ‘సర్జన’ కావాలి. విసర్జనలో కనిపించేది ఆ రూపమే. ఆ కారణంగా సృజనను తప్పుపట్టే పండితులున్నారు. నేను పట్టను. అందరి నోటా నాటుకుపోయిన మాట, దాన్నలా ఉండనివ్వండి. ‘సృజనాత్మక స్వాతంత్ర్యం’ అని నిక్షేపంగా రాసుకోండి.