నెల్లూరులో ఉంటూ నార్డిక్ స్కీయింగ్‌కు సిద్ధమవడం ఎలా?

నార్డిక్ స్కీయింగ్ అంటే కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు కట్టుకుని, రెండు కర్రలతో తోసుకుంటూ మంచు మీద సాగడం. దాన్ని మంచు మీద నేర్చుకోవడానికి జనవరి, ఫిబ్రవరి నెలల్లో కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లాలి. మంచు లేకపోయినా ఒళ్లు సిద్ధం చేసుకునే పని మాత్రం ఇక్కడే అవుతుంది.

ముందు తేడా తెలుసుకోండి. కొండ దిగే ఆల్పైన్ స్కీయింగ్‌లో బూటు మొత్తం బిగిసి ఉంటుంది. నార్డిక్‌లో మునివేళ్ల దగ్గరే పట్టు, మడమ లేస్తుంది. అందుకే ఇది నడకకు దగ్గర, ఊపిరికి పరీక్ష. ఉదయగిరి దుర్గం గానీ పెంచలకోన దగ్గరి వెలిగొండ దారులు గానీ రెండు కర్రలతో వారానికి రెండుసార్లు ఎక్కండి. వేసవిలో తెల్లవారుజామునే బయల్దేరి ఎండ ముదరకముందే దిగిపోవాలి. మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు.

రోడ్డు మీద సాధనకు చక్రాలున్న రోలర్ స్కీలు దొరికితే మరీ మంచిది. కానీ చాలావాటికి బ్రేకులుండవు, కాబట్టి వాహనాలు రాని చదును రోడ్డు మీదే, హెల్మెట్‌తో.

కర్ర పొడవులో చాలామంది పొరబడతారు. స్కీలను సమాంతరంగా ముందుకు జరిపే క్లాసిక్ పద్ధతికి మీ ఎత్తులో సుమారు 83 శాతం, పక్కలకు తోసుకుంటూ జారే స్కేటింగ్ పద్ధతికి 89 శాతం. అంటే 170 సెంటీమీటర్ల మనిషికి 141, 151. పొడవెక్కువైతే భుజాలు పట్టేస్తాయి. మొదటిసారి పట్టు కోసం మైనం పూయనక్కర్లేని, అడుగున పొలుసులున్న స్కీలే అద్దెకు అడగండి. మైనం మంచు ఉష్ణోగ్రతకు తగ్గట్టు మార్చాలి, కొత్తవాళ్లకు అదో తలనొప్పి.

బట్టల్లో నూలు వద్దు. చెమటకు తడిసి ఆరదు, ఆగగానే వణుకు పుడుతుంది. లావుపాటి కోటు ఒకటి కాదు, పలుచనివి మూడు పొరలు. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తు. సముద్రమట్టం నుంచి వెళ్లిన మనకు మొదటిరోజు విశ్రాంతి తప్పదు.