పన్నెండు గ్లాసుల నిమ్మరసం

తిరువాన్మియూరు, చెన్నై,
11 ఏప్రిల్ 2022.

చిరంజీవి అమ్మడుకు, మీ పెద్దత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న శ్రీరామనవమికి పానకంలో మిరియాలు దంచి వేస్తూ ఉండగా మీ నాన్న ఫోను చేసి, మన చెన్నై దగ్గరి కోవళం దాటిన తరువాత ఉన్న ఒక రిసార్టులో నువ్వు కిడ్స్ క్లబ్బు బాధ్యత తీసుకుంటున్నావనీ, కరోనా వల్ల 2020 మార్చిలో తాళం వేసిన ఆ గదిని ఈ వేసవికి మళ్ళీ తెరిపించబోయేది నువ్వేననీ చెప్పాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువు ముగిసిన ఏడాదే హోటళ్ళన్నీ మూతపడి, చేతికి వచ్చిన ఉద్యోగం జారిపోతే, రెండేళ్ళు ఇంట్లో కూర్చుని పక్కింటి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పిన నువ్వు చివరికి సముద్రపు ఒడ్డుకే చేరావని విని, పొంగిపోయి, రెండు గ్లాసుల పానకం ఎక్కువే తాగాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. 1997 నుంచి పదహారేళ్ళు అదే తీరం మీద అదే పని చేసినదాన్ని కదా.

నువ్వు రాసుకున్న జాబితాను మీ నాన్న వాట్సాప్‌లో పంపించాడు. శానిటైజరు సీసాలు ఎన్ని కావాలో, జ్వరం చూసే మిషన్లు ఎన్ని కావాలో, బల్లకూ బల్లకూ మధ్య ఎన్ని అడుగులు ఉండాలో అన్నీ పొందికగా రాశావు. దస్తూరీ అచ్చంగా మీ నాయనమ్మదే. అయితే రెండు పేజీల ఆ జాబితాలో సముద్రం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఈ ఉత్తరం అందుకే.

ముందు చిన్న విషయాలు చెప్పేస్తాను. ఉయ్యాల గొలుసులనూ జారుడుబల్ల బోల్టులనూ ఉప్పుగాలి ఎంత తినేసిందో మెకానిక్కుకు చూపించు. లైఫ్ జాకెట్ల పట్టీలను నీ చేతులతో గట్టిగా లాగి చూడు. తెగేవి ఇప్పుడే తెగాలి. నెలల తరబడి కదలని నీటిలో క్రిములు పెరుగుతాయి గనుక ట్యాంకు కడిగించి, కుళాయిలనూ షవర్లనూ చాలాసేపు వదిలిపెట్టిన తరువాతే పిల్లలను అటు రానివ్వు. మందుల పెట్టెలో గడువు తీరినవి తీసి పారవెయ్యి. రంగు బంతుల తొట్టిని సరిగా కడగడం ఎవరి తరమూ కాదు, దాన్ని తీయించెయ్యి. చిన్నవాళ్ళ చేతులకు సబ్బూ నీళ్ళూ చాలు; శానిటైజరు కళ్ళలో పడినా ప్రమాదమే, నిప్పు దగ్గర ఉన్నా ప్రమాదమే. ఐదేళ్ళవాళ్ళకూ, అంతకన్నా చిన్నవాళ్ళకూ మాస్కు అక్కరలేదని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. పెద్దపిల్లలు కూడా నీళ్ళలోకి దిగేటప్పుడు మాస్కు తీసెయ్యాలి, తడిసిన గుడ్డలోంచి ఊపిరి ఆడదు. పన్నెండేళ్ళలోపు వాళ్ళకు ఇంకా టీకా రాలేదు కాబట్టి ఏసీ గదిలో కుక్కకుండా సరుగుడు చెట్ల నీడలో కూర్చోబెట్టు. పది దాటాక, సాయంత్రం నాలుగయ్యే దాకా మాత్రం ఇసుక మీద ఎవరూ ఉండకూడదు. ఇక్కడివాళ్ళు అగ్నినక్షత్రం అనే ఎండలు మే మొదటి వారంలోనే వచ్చి పడతాయి. పిల్లల ఫోటోలు తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టకు. నీకు రీల్స్ పిచ్చి ఉందని నాకు తెలియదనుకోకు.

ఇక పిల్లల సంగతి. నేను చూసిన పిల్లలు వేరు, నీ దగ్గరకు రాబోయే పిల్లలు వేరు. తమిళనాడులో ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులు మళ్ళీ తెరిచింది 2021 నవంబరు 1న. అంటే ఇప్పుడు ఆరేళ్ళున్న పిల్ల ఎల్‌కేజీ, యూకేజీ చాలావరకు ఫోనులోనే చదివింది. వరుసలో నిలబడటం, ఆడుకుంటున్న బొమ్మను ఇంకొకరికి ఇవ్వటం, అమ్మ కనబడని చోట గంటసేపు ఉండటం ఏదీ దానికి అలవాటు కాలేదు. సముద్రపు ఒడ్డు కూడా 2020 డిసెంబరు 14 దాకా మూసే ఉంది. తెరిచిన కొన్ని నెలలకు, 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూసి, ఆగస్టు 23న తెరిచారు. సముద్రానికి కిలోమీటరు దూరంలో ఉన్న మా ఇంటి కింది వాటాలోని నాలుగేళ్ళవాడు మొన్న మొదటిసారి అలల చప్పుడు విని, దాన్ని ఆఫ్ చెయ్యమని వాళ్ళ నాన్నను అడిగాడట. అటువంటి పిల్లలు నీ చేతికి వస్తున్నారు. కాబట్టి మొదటి అరగంట తల్లిగానీ తండ్రిగానీ పక్కన ఉండి తీరాలని చెప్పు. పిల్లలను వదిలేసి హాయిగా కాళ్ళు చాపుకుందామని వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ.

నీళ్ళ గురించి నీకు తెలుసనుకుంటున్నావు. మన చెన్నై తీరంలో నాలుగడుగులు వేసేసరికి లోతు వస్తుంది. అలలు విరగకుండా, నునుపుగా, ప్రశాంతంగా కనిపించే పాయ ఒకటి అక్కడక్కడ ఉంటుంది; కొత్తవాళ్ళు పిల్లలు ఆడుకోవటానికి అదే మంచి చోటు అనుకుంటారు, కానీ ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అదే. మునిగిపోయే పిల్ల సినిమాల్లోలాగా కేకలు వెయ్యదు, చప్పుడు లేకుండా మునుగుతుంది. అందువల్ల పిల్లలు ఇసుకలో ఉన్నంతసేపూ నీళ్ళవైపు ముఖం పెట్టి నిలబడే మనిషి ఒకరు విడిగా ఉండాలి. ఆ మనిషికి మరో పని చెప్పకూడదు: ఫోటోలు తీయమనకూడదు, టవళ్ళు అందించమనకూడదు. మూసి ఉన్న రెండేళ్ళలో పాత లైఫ్‌గార్డులు పొట్టకూటికి ఇంకో పని వెతుక్కుని ఉంటారు గనుక, కొత్తవాడిని పెట్టుకుంటే వాడి సర్టిఫికెట్ చూసి ఊరుకోకుండా నీళ్ళలో దింపి చూడు. ఇంకొకటి: సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 ఆదివారం నాకు సెలవు, అందుకే ఈ రోజు నీకు ఉత్తరం రాయగలుగుతున్నాను. నీరు ఉన్నట్టుండి వెనక్కి పోయి అడుగు బయటపడితే వింత చూడటానికి ఒక్కరు కూడా ముందుకు వెళ్ళకూడదనీ, పిల్లలను పట్టుకుని రోడ్డువైపు పరుగెత్తాలనీ పనివాళ్ళందరికీ మొదటిరోజే చెప్పు.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకు మీ మామయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1999 మే నెల, శనివారం. సరుగుడు తోపు నీడలో పన్నెండు మంది పిల్లలు పిచ్చుకగూళ్ళు కడుతున్నారు. నీళ్ళు అక్కడికి వంద అడుగుల దూరంలో ఉన్నాయి. ఆఫీసు కుర్రవాడు పరుగెత్తుకుంటూ వచ్చి నెల్లూరు నుంచి ఫోను వచ్చిందని చెప్పాడు. నాకు సాయంగా ఉన్న అమ్మాయికి చూస్తూ ఉండమని చెప్పి రిసెప్షన్‌కు వెళ్ళాను. రెండు నిమిషాల్లో రావలసినదాన్ని పది నిమిషాలు మాట్లాడాను. తిరిగి వస్తూ దూరం నుంచే తలలు లెక్కపెట్టాను. పన్నెండు. తృప్తిగా నిమ్మరసం కలిపించి పంచాను, పన్నెండు గ్లాసులూ అయిపోయాయి. కాసేపటికి ఒక తల్లి వచ్చి తన కొడుకును పంపమంది. పసుపుపచ్చ చొక్కా, ఐదేళ్ళవాడు. వాడు లేడు.

పన్నెండో తల తోటమాలి కొడుకుది. నేను ఫోను దగ్గర ఉండగా ఆ పిల్లవాడు కంచె సందులోంచి వచ్చి, ఖాళీగా ఉన్న చోట కూర్చుని గూడు కడుతున్నాడు. వాడికీ గ్లాసు ఇచ్చాను, తాగాడు. వాడి తప్పేమీ లేదు. నా సహాయకురాలి తప్పు అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను, అదీ నిజం కాదు. లెక్క సరిపోయిందన్న ధైర్యంతో నిమ్మరసం పంచినదాన్ని నేను. నేను చూసింది తలలనే, ముఖాలను కాదు.

ఆ తల్లి అరవలేదు. నా వెనకే పరుగెత్తింది. ఆ ఇసుకలో చెప్పులు ఎక్కడ వదిలేశానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. పక్కనున్న జాలరిపల్లె దగ్గర, ఒడ్డుకు లాగి పెట్టిన పడవ నీడలో, వలలు బాగుచేసుకునే ఒక ముసలామె ఒళ్ళో వాడు కూర్చుని ఉన్నాడు. గూటి చుట్టూ కందకం తవ్వి, దానిలో పోయటానికి నీళ్ళు తెద్దామని చిన్న బకెట్టు పట్టుకుని వెళ్ళాడట. ఆమె చూసి, దిగి, పట్టుకుని బయటకు లాగింది. చాలాసేపు కేకలు వేసిందట, గాలి ఎదురు కావటం వల్ల మాకు వినపడలేదు. వాడి నిక్కరు నడుము దాకా తడిసి ఉంది. ఆమె నన్ను తమిళంలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, వాటిలో ఒక్కటి కూడా అన్యాయంగా తిట్టినది కాదు.

మర్నాడు ఉదయం ఆ కుటుంబం గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఫిర్యాదు చెయ్యలేదు. మేనేజరుకు నేనూ చెప్పలేదు, అది రెండో తప్పు. నువ్వు అలా చెయ్యకు. చిన్నదైనా పెద్దదైనా జరిగింది జరిగినట్టు ఆ రోజే పుస్తకంలో రాసి సంతకం పెట్టు.

ఆ నెల్లూరు ఫోను ఏమిటో ఇప్పుడు చెబుతున్నాను. మీ నాన్న చేశాడు, ఆస్పత్రి పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి. ఆడపిల్ల పుట్టిందని చెబితే, ముక్కు ఎవరిది, కళ్ళు ఎవరివి, జుట్టు ఉందా అని అడుగుతూ నిలబడిపోయాను. ఇది నీమీద పెట్టటానికి చెప్పటం లేదమ్మా. మనిషి ఏమరుపాటులో పడేది సోమరితనం వల్లనే కాదు, సంతోషంలో కూడా పడుతుంది, అందుకు చెప్పాను. నీ ప్రతి పుట్టినరోజుకూ పాయసం చేస్తూ ఆ తడిసిన నిక్కరునే తలచుకున్నాను.

ఆ తరువాత నేను ఎన్నడూ తలలు లెక్కపెట్టలేదు. పేరు పిలిచేదాన్ని, పిల్ల నా కళ్ళలోకి చూసి పలికేది, అప్పుడు పుస్తకంలో గీత పెట్టేదాన్ని. ఇసుకలో ఉంటే పావుగంటకొకసారి, చోటు మారినప్పుడల్లా బయలుదేరే ముందూ చేరిన తరువాతా. పిల్లలు విసుక్కుంటారు, అందుకని దాన్నే ఆట చేశాను: ఒక్కొక్కరు ఒక్కొక్క జంతువులా పలకాలి. తోటమాలి కొడుకులాంటి వాళ్ళు వస్తే తరిమెయ్యకు. వాళ్ళ పేరు కూడా రాసుకుని కూర్చోబెట్టు. పుస్తకంలో పేరు, వయసు, గది నంబరు, ఏ తిండి పడదు, ఎవరు వదిలారు, ఎవరు తీసుకువెళతారు అన్నీ ఉండాలి. ఇప్పుడు నీకు నాకు లేని చిక్కు ఒకటుంది. తీసుకువెళ్ళటానికి వచ్చినవాళ్ళ ముఖం మాస్కు వెనక ఉంటుంది. రెండడుగులు వెనక్కి జరిగి ఒక్క క్షణం మాస్కు తీసి చూపించమని అడుగు. మార్చి 31తో కేంద్రం ఆంక్షలు ఎత్తేసినా మాస్కు పెట్టుకోమని సలహా ఉంది కదా అని ఎవరైనా వాదిస్తే, నవ్వుతూ నిలబడు, పిల్లను మాత్రం ఇవ్వకు. మొహమాటం మన ఇంటి జబ్బు, నీకూ ఉంది.

కుటుంబమంతా కలిసి చేసే వాటికి పెద్ద ఖర్చు అక్కరలేదు. చింతగింజలు తెచ్చి వామనగుంటలు ఆడించు. పద్నాలుగు గుంటలు ఇసుకలోనే తవ్వవచ్చు, తమిళులు పల్లాంగుళి అని వెంటనే గుర్తుపడతారు, అప్పటిదాకా మూలన కూర్చున్న నాయనమ్మలు ముందుకు వచ్చి మనవలను ఓడిస్తారు. ల్యాప్‌టాప్ వదలని తండ్రుల చేతికి పార ఇచ్చి కందకం తవ్వమను. వాన వస్తే ముట్టుకాడులోని దక్షిణచిత్రకు తీసుకువెళ్ళవచ్చు, అక్కడ మన తీరాంధ్రపు చుట్టిల్లు కూడా ఉంది. 1976 నుంచి ఉన్న మొసళ్ళ బ్యాంకు కూడా ఆ దారిలోనే, వడనెమ్మేలిలో ఉంది. ఇది తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే కాలం. 1988 నుంచి ఈ తీరం మీద తాబేళ్ళను కాపాడుతున్న విద్యార్థుల బృందం ఉంది, వాళ్ళను అడిగి మాత్రమే పిల్లలకు చూపించు. టార్చి వెయ్యనివ్వకు, చేత్తో పట్టుకోనివ్వకు. వెలుతురు కనబడితే ఆ పిల్లలు సముద్రాన్ని వదిలి అటు పోతాయి.

ఎక్కువ రాశాను. జీతం ఎంతో మీ నాన్న చెప్పలేదు, నువ్వు చెప్పు. రాత్రి డ్యూటీ అయితే భోజనం చెయ్యకుండా పడుకోకు.

వచ్చే శనివారం తిరువాన్మియూరు నుంచి బస్సెక్కి వస్తాను. పెసరట్టు పిండి, నా పాత ఈల, గీతలు పెట్టిన పుస్తకం ఒకటి తెస్తున్నాను. పదిన్నరకు దిగుతాను. ఆ వేళకు నీ దగ్గర పిల్లలు ఉంటారు గనుక నాకోసం గేటు దాకా రావద్దు, ఫోను కూడా చెయ్యను. నేనే అడుగుతూ వచ్చి ఆ చెట్ల కింద ఎక్కడో కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ పెద్దత్తయ్య