నీ కథలో ఇల్లాలికి అన్నీ ముందే తెలుసు

అమ్మాయికి,

నీ కథ అందింది. వాక్యం నడపడం నీకు వచ్చు, దాని గురించి బెంగ పెట్టుకోకు. ఇబ్బందల్లా నీ కథానాయికతోనే. ఇరవై ఏళ్లు నోరెత్తని ఇల్లాలు మూడో పేజీకల్లా తన బతుకు ఎందుకిలా అయిందో పూసగుచ్చినట్టు చెప్పేస్తోంది. అంత తెలిసిన మనిషి ఇన్నేళ్లూ ఊరుకుంటుందా? పక్కన నిలబడి నువ్వు మాటలందిస్తున్నావని తెలిసిపోతోంది.

ఆల్బా దె సెస్పెదెస్ రాసిన 'ఫర్బిడెన్ నోట్‌బుక్' చదువు. ఇటాలియన్ నవల. మన సీరియళ్లలాగే ముందు ఒక వారపత్రికలో వచ్చి, 1952లో పుస్తకమైంది. మొత్తం డైరీయే. 1950 నవంబరులో ఒక ఆదివారం, రోమ్‌లో వలేరియా అనే నలభై మూడేళ్లావిడ భర్తకు సిగరెట్లు కొనడానికి వెళ్తుంది. కొట్లో నల్ల అట్ట నోట్‌బుక్కులు కనబడతాయి. ఆదివారం పొగాకు తప్ప ఇంకేమీ అమ్మకూడదని అక్కడి రూలు. బతిమాలితే కొట్టువాడు ఒకటిచ్చి, కోటు కింద దాచుకోమంటాడు. బయట కాపలావాడు ఉన్నాడు మరి.

అసలు టెన్షన్ ఇంటికొచ్చాకే. ఎక్కడ పెట్టాలి? పాతగుడ్డల సంచిలోనా? ఇంట్లో ఎక్కడ దాచినా ఎవరో ఒకరు చెయ్యి పెట్టే చోటే. నాకూ ఓ సొరుగుంటే బాగుండు అంటుంది. ఎందుకని అడుగుతారు. ఏవో కాగితాలు పెట్టుకోవడానికి, డైరీ అయినా రాసుకోవచ్చు అంటే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. "ఏం రాస్తావమ్మా?" అంటాడు మొగుడు. అవును, అతనూ ఆవిణ్ణి అమ్మా అనే పిలుస్తాడు. మొగుడు చెడ్డవాడేమీ కాదు, పిల్లలూ రాక్షసులు కారు. ఆడవాళ్లకి ఏకాంతం లేదు అన్న మాటకి నువ్వు పేజీన్నర ఖర్చు పెట్టావు. ఇక్కడ ఒక సొరుగుతో పనైపోయింది.

వలేరియా తనకు తాను చెప్పుకునే అబద్ధాలు కూడా గమనించు. ఉద్యోగం డబ్బు కోసమే చేస్తున్నానంటుంది. కానీ సెలవైన శనివారాల్లో కూడా ఆఫీసుకి ఎందుకెళ్తోందో, అక్కడ బాస్ ఎదురుపడితే మొహం ఎందుకు విప్పారుతోందో మనకి ముందు తెలుస్తుంది, ఆవిడకి తర్వాత. కూతురు మిరెల్లా వయసులో పెద్దవాడైన ఒక లాయరుతో తిరుగుతోందని మండిపడుతుంది. ఆ కోపంలో ఈర్ష్య పాలెంతో ఆవిడ రాయదు, అయినా ప్రతి పేజీలో కనబడుతుంది. ఇవాళ రాసినదాన్ని వారం తిరక్కుండానే కాదనుకుంటుంది. దాన్ని రచయిత్రి సరిదిద్దదు. నువ్వూ సరిదిద్దకు.

రచయిత్రికి చెప్పడానికి మాటల్లేక కాదు సుమా. ఆవిడ తాత క్యూబా స్వాతంత్ర్య పోరాటాన్ని మొదలుపెట్టినవాడు. తండ్రి ఆ దేశపు దౌత్యవేత్త. పదిహేనేళ్లకే పెళ్లి. 1935లో ఫాసిస్టులు జైల్లో పెట్టారు. యుద్ధకాలంలో ఇటలీలోని బారి అనే ఊరి రేడియోలో క్లొరిందా అనే మారుపేరుతో మాట్లాడింది. ఉపన్యాసం ఇవ్వగల మనిషే, కానీ వలేరియా చేత ఇప్పించలేదు. బ్యాంకు గుమాస్తా భార్యకి ఎంత తెలుస్తుందో అంతే తెలియనిచ్చింది. నాకైతే ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. మనకి తెలిసిందంతా కథలో దించెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది కదా!

ముగింపు చెప్పేస్తున్నా, తిట్టుకోకు. వలేరియా ఆ నోట్‌బుక్కుని కాల్చెయ్యాలనుకుంటుంది. కొడుకు పెళ్లి ఖాయమైంది, కోడలు కడుపుతో ఉంది, ఇల్లు మళ్లీ తన మీదే పడబోతోంది. మరి కాలిపోయే డైరీ మన చేతికెలా వచ్చింది? రచయిత్రి ఎక్కడా సంజాయిషీ ఇవ్వదు. నీ కథ చివర ఇల్లాలు సూట్‌కేసు సర్దుకుని గుమ్మం దాటింది. వెళ్లనీ, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ సూట్‌కేసు ఏ అటక మీద నుంచి దించింది, లోపల అప్పటిదాకా ఎవరి బట్టలున్నాయి, వాటినెక్కడ పెట్టింది? అది రాయి. మూడో పేజీలో ఆవిడ స్నేహితురాలికి చెప్పిందంతా కొట్టేసి, దాని బదులు ఆవిడ నమ్ముతున్న ఒక అబద్ధం పెట్టు.

పుస్తకం ఇటాలియన్‌లో చదవక్కర్లేదు. ఆన్ గోల్డ్‌స్టీన్ ఇంగ్లీషు అనువాదం 2023లో వచ్చింది. దొరక్కపోతే చెప్పు, నా కాపీ పంపిస్తాను. మార్జిన్లలో నా గీతలుంటాయి, వాటిని పట్టించుకోకు.

ఆశీస్సులతో,
మీ పిన్ని